యూనివర్సిటీలో స్టాఫ్ డెవలప్‌మెంట్ మీ సెక్షన్‌కి వచ్చిందా? హెచ్ఆర్ ఎక్కడ మొదలుపెట్టాలంటే

యూనివర్సిటీ హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్లకి ఒకరోజు సర్క్యులర్ వస్తుంది, ఇకనుంచి సిబ్బంది అభివృద్ధి కూడా మీ సెక్షనే చూసుకోవాలి అని. అప్పటిదాకా సెలవులు, సర్వీస్ రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, నియామకాల ఫైళ్లు, రిటైరయ్యేవాళ్ల కాగితాలు చూసుకుంటున్న సెక్షన్ అది, ఉన్న పనికే మనుషులు చాలరు. దాంతో చాలాచోట్ల జరిగేది ఒకటే. సెమినార్ హాల్ బుక్ చేస్తారు, బయటినుంచి ఒక ట్రైనర్‌ని పిలుస్తారు, రెండు రోజుల వర్క్‌షాప్ పెడతారు, చివర్లో సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో, వార్షిక నివేదికలో ఒక పేరా. మర్నాడు అందరూ ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లి, అంతకుముందు ఎలా చేసేవాళ్లో అలాగే చేస్తారు.

ఆ సర్క్యులర్ అందుకున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, ముందే చెప్పేస్తాను. మనిషి తన పనిలో ఎదగాలంటే టైమ్ కావాలి, కొత్త పని చేసే అవకాశం కావాలి, చేసినదాన్ని ఎవరైనా గుర్తించాలి. ఈ మూడూ ట్రైనర్ చేతిలో ఉండవు. పోస్టింగ్ ఆర్డర్, వర్క్‌లోడ్, ప్రమోషన్ రూల్స్ అనే కాగితాల్లో ఉంటాయి, ఆ కాగితాలు మీ దగ్గరే ఉంటాయి. అందుకని హాల్ బుక్ చేయడం కొన్నాళ్లు పక్కనపెట్టి, మీ బీరువాలో ఉన్న ఫైళ్లతో మొదలుపెట్టండి.

ఈ పని రెండు ముక్కలుగా ఎందుకుందో ముందు తెలుసుకోండి

యూనివర్సిటీల్లో అధ్యాపకుల శిక్షణ హెచ్ఆర్ చేతుల్లో పుట్టలేదు. అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీ 1962లోనే బోధన మెరుగుపరచడానికి ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టింది, ఆ తర్వాత చాలా యూనివర్సిటీలు అదే దారి పట్టాయి. భారతదేశంలో 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987 నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలయ్యాయి. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అని, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలు అని పేరు మార్చారు, పని మాత్రం ప్రధానంగా అధ్యాపకుల ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులే. ఇలా బోధన నేర్పే పని ఒక కేంద్రానికి వెళ్లింది, కాగితాల పని హెచ్ఆర్ దగ్గర ఉండిపోయింది, ఇక ఆఫీసు సిబ్బంది, ల్యాబ్ టెక్నీషియన్లు, లైబ్రరీ వాళ్లు, హాస్టల్ వాళ్ల ఎదుగుదల ఎవరిదీ కాకుండా పోయింది.

కంపెనీల ప్రపంచంలో 1990ల నుంచే హెచ్ఆర్ పని మారాలన్న చర్చ నడిచింది. 1997లో డేవ్ అల్రిచ్ అనే అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ హెచ్ఆర్‌కి నాలుగు పాత్రలుండాలన్నాడు: పరిపాలన పని సమర్థంగా చేయడం, ఉద్యోగుల తరఫున నిలబడటం, మార్పుని నడిపించడం, సంస్థ లక్ష్యాల్లో భాగస్వామి కావడం. యూనివర్సిటీలు ఇందులో నాలుగోదాన్నే ఎక్కువగా పట్టుకున్నాయి, ప్రణాళికా పత్రాల్లో దాని గురించి బోలెడు రాసుకున్నాయి. నా లెక్కలో అన్నిటికంటే వెనకబడింది రెండోది. ఉద్యోగి పక్షాన నిలబడి, ఈ మనిషి ఇక్కడ ఎదగడానికి అడ్డేముందని అడిగే గొంతు ఒకటి సంస్థ లోపలే ఉండాలి.

మీ దగ్గర బోధనా కేంద్రం ఉంటే మొదటి వారంలోనే వాళ్లతో కూర్చోండి. వాళ్ల పని లాక్కోవడానికి రాలేదని నోరు తెరిచి చెప్పండి. క్లాసులో ఎలా చెప్పాలో వాళ్లకి తెలుసు, ఆ అధ్యాపకుడికి దానికి టైమ్ ఎక్కడినుంచి తేవాలో మీకు తెలుసు. ఒకరు లేకుండా రెండోవాళ్ల పని సాగదు.

ఎవరెవరున్నారో, ఎవరికి ఏమీ అందలేదో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. ఒక షీట్ తీసుకోండి, మొత్తం సిబ్బంది పేర్లు ఎక్కించండి. పక్కన డిపార్ట్‌మెంట్, హోదా, పర్మినెంటా కాంట్రాక్టా, ఇదే సీట్లో ఎన్నేళ్లుగా ఉన్నారు, గత మూడేళ్లలో ఏ శిక్షణకైనా, సదస్సుకైనా, డెప్యుటేషన్‌కైనా వెళ్లారా అని కాలమ్‌లు పెట్టండి. ఈ సమాచారం చాలావరకు మీ దగ్గరే ఉంటుంది, కానీ అది ఆన్‌డ్యూటీ సెలవుల ఫైల్లో కొంత, బిల్లుల్లో కొంత, బదిలీ ఆర్డర్లలో కొంత చెల్లాచెదురుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఒక్కచోట చూసి ఉండరు.

షీట్ నిండాక చివరి కాలమ్‌ని బట్టి సార్ట్ చేయండి. సాధారణంగా కనిపించేది ఇది: ఎప్పుడూ వెళ్లేవాళ్లే మళ్లీ మళ్లీ వెళ్తుంటారు, సగం పేర్ల పక్కన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీల్లో ఎవరున్నారో నిదానంగా చదవండి. కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవాళ్లు, సాయంత్రం షిఫ్టు లైబ్రరీ సిబ్బంది, చిన్నపిల్లలున్న ఉద్యోగినులు (వేరే ఊళ్లో నాలుగు రోజులుండే కోర్సుకి వెళ్లలేక), వాళ్లు లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని హెడ్ ఎప్పుడూ వదలని ఒక మంచి క్లర్కు. బాగా పనిచేసినందుకే ఎక్కడికీ కదలలేకపోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. మీ మొదటి ఏడాది పని ఈ ఖాళీల దగ్గర మొదలవ్వాలని నా అభిప్రాయం.

సర్వే ఫారం బదులు కుర్చీ లాక్కుని కూర్చోండి

'మీకు ఏ శిక్షణ కావాలి?' అని గూగుల్ ఫారం పంపితే వచ్చే జవాబులు ముందే చెప్పేయొచ్చు: కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్, ఒత్తిడి తగ్గించుకోవడం. తప్పు జవాబులేం కావు, కానీ వాటిని పట్టుకుని ఏమీ చేయలేం. మనుషులు తమకేం రాదో ఫారంలో రాయరు, పైగా ఆ ఫారం హెచ్ఆర్‌కి వెళ్తుందని తెలిస్తే అసలే రాయరు.

దాని బదులు సెక్షన్‌కి ఇద్దరు ముగ్గురితో అరగంట చొప్పున మాట్లాడండి, మీ గదిలో కాకుండా వాళ్ల సీటు దగ్గరే. అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. పోయిన నెల ఏ పని మధ్యలో ఆగింది? ఆగినప్పుడు ఎవరిని అడిగారు? మీరు పది రోజులు సెలవు పెడితే ఇక్కడ ఏం ఆగిపోతుంది? మీకు చేయడం వచ్చి కూడా మీకు ఇవ్వని పని ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, జవాబు రావడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆగండి.

ఉదాహరణకి ఎగ్జామినేషన్ బ్రాంచ్ తీసుకుందాం. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, నలుగురు అసిస్టెంట్లకీ ట్రైనింగ్ ఇచ్చారు, అయినా ఫలితాలు ఆలస్యమవుతున్నాయి, కాబట్టి 'ఇంకో ట్రైనింగ్ పెట్టండి' అని నోట్ వచ్చింది. మీరు వెళ్లి కూర్చుంటే బయటపడేది వేరే. మార్కులు ఎక్కించడం నలుగురికీ వచ్చు. ఎంట్రీ లాక్ అయ్యాక తప్పు కనబడితే దాన్ని ఎలా వెనక్కి తీయాలో, ఏ ఫారం మీద ఎవరి సంతకం కావాలో ఒక్కావిడకే తెలుసు. ఆవిడ లేని రోజు ఆ కట్టలన్నీ పక్కన పేరుకుంటాయి. ఇక్కడ హాల్లో స్లైడ్లు వేసి చెప్పాల్సిందేం లేదు. ఒక ఫలితాల సీజన్ మొత్తం ఆవిడ పక్కన ఇంకొకరు కూర్చుని, ఆ దిద్దుబాట్లు తన చేత్తో చేయాలి, ఆవిడ చూడాలి. అందుకు ఆ ఇద్దరి మామూలు పనిలో కొంత వేరేవాళ్లకి మళ్లించాలి. ఆ మళ్లింపుకి ఆర్డర్ కావాలి, ఆ ఆర్డర్ ఇప్పించగలిగేది మీరే. ఆవిడ నేర్పుతున్నది కూడా పనే కదా, దాన్ని ఆమె సర్వీస్ రికార్డులో ఎక్కించండి.

ఇలా నాలుగు సెక్షన్లు తిరిగితే ఒకటి అర్థమవుతుంది. పని సరిగా జరగకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. తెలిసినా టైమ్ లేకపోవచ్చు, టైమున్నా చేసే అధికారం లేకపోవచ్చు, అధికారమున్నా కంప్యూటర్ పాతదై ఉండొచ్చు. శిక్షణతో తీరేది వీటిలో మొదటిదొక్కటే. మిగతావాటికి శిక్షణ పెడితే డబ్బు పోతుంది, పైగా లోపం తమలోనే ఉందని ఆ మనుషులు అనుకుంటారు. అందుకే మీకొచ్చే ప్రతి 'ట్రైనింగ్ పెట్టండి' నోట్‌కీ ముందు ఈ నాలుగింటిలో ఏదో తేల్చి, ఆ మాట జవాబులో రాసి పంపండి.

టైమ్‌ని కాగితం మీద పెట్టండి

నేర్చుకోవడానికి టైమ్ ఇస్తామని మాటగా చెప్పే సంస్థలు చాలా ఉన్నాయి. కాగితం మీద ఉంటే తప్ప ఆ మాటని నమ్మొద్దు. బ్రిటన్‌లో పరిశోధకుల కెరీర్ గురించి 2019లో సవరించిన ఒప్పందం ఒకటుంది, అందులో ప్రతి పరిశోధకుడికీ ఏడాదికి కనీసం 10 రోజులు సొంత వృత్తిపరమైన అభివృద్ధికి ఇవ్వాలని ఉంది, పార్ట్‌టైమ్ వాళ్లకి ఆ నిష్పత్తిలో. ఆ అంకె మీకు సరిపోతుందా లేదా అన్నది వేరే మాట, కానీ అంకె అంటూ ఒకటి ఉండటం వల్ల 'ఈ ఏడాది నాకు ఎన్ని రోజులు దొరికాయి?' అని మనిషి అడగగలుగుతాడు. మీరూ ఒక అంకె పెట్టించండి. చిన్నదైనా ఫర్వాలేదు, టెక్నీషియన్‌కీ ప్రొఫెసర్‌కీ ఒకటే అంకె ఉండాలి.

అంకె వచ్చాక అది టైమ్‌టేబుల్‌లోకి దిగాలి. అధ్యాపకుడికైతే వర్క్‌లోడ్ షీట్‌లో ఆ గంటలు చూపించాలి. ఆఫీసు సిబ్బందికైతే ఆ పూట సీటు ఎవరు చూస్తారో పేరు రాయాలి. 'సెక్షన్‌లో సర్దుకోండి' అని రాస్తే ఎవరూ సర్దుకోరు, వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి బల్ల మీద రెట్టింపు కాగితాలుంటాయి, ఇంకోసారి వెళ్లమంటే వద్దంటాడు. అడ్మిషన్లు, పరీక్షలు, ఆడిట్ నెలలు తప్పించి క్యాలెండర్ వేయండి. ఇది చాలా మామూలు విషయంలా అనిపిస్తుంది, కానీ శిక్షణ కార్యక్రమాలు సరిగ్గా ఆర్థిక సంవత్సరం చివర్లోనే, మిగిలిన డబ్బు ఖర్చవ్వాలని పెట్టడం ఎంతమంది చూడలేదు!

గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి విడిగా చెప్పాలి. క్లాసుకింత అని డబ్బిచ్చే మనిషిని ఉచితంగా ఒక పూట శిక్షణకి రమ్మంటే, ఆ పూట సంపాదన వదులుకుని రమ్మన్నట్టే. ఆ గంటలకీ డబ్బిచ్చే ఏర్పాటు చేయలేకపోతే కనీసం రావడం తప్పనిసరి చేయకండి, వాళ్లు తమకు వీలైనప్పుడు చూసుకునేలా రికార్డింగ్, నోట్స్ ఇవ్వండి. విద్యార్థి దృష్టిలో వాళ్లూ టీచర్లే, వాళ్లకి ఏమీ నేర్పకుండా బోధన నాణ్యత గురించి మాట్లాడటం కుదరదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర ఎక్కువ కష్టపడండి

మీ బడ్జెట్ ఒక్కచోటే పెట్టగలిగినంత ఉంటే, కొత్తగా హెడ్ అవుతున్నవాళ్ల మీద పెట్టండి. చాలా యూనివర్సిటీల్లో హెడ్ పదవి వంతులవారీగా వస్తుంది. నిన్నటిదాకా తన పరిశోధన, తన పాఠం చూసుకున్న మనిషి ఇవాళ ఇరవై ముప్పై మందికి పని పంచాలి, ఇద్దరి మధ్య గొడవ తీర్చాలి, ఒకరి ప్రసూతి సెలవుకి క్లాసులు సర్దాలి, ఇంకొకరి పని బాగాలేదని ఆ మనిషికే మొహం మీద చెప్పాలి. ఇవేవీ పీహెచ్‌డీలో నేర్పరు. ఒక డిపార్ట్‌మెంట్‌లో జూనియర్లు ఎదుగుతున్నారా, ఎండిపోతున్నారా అన్నది చాలావరకు ఈ ఒక్క మనిషి మీద ఆధారపడుతుంది.

పదవి చేపట్టే రోజున ఓరియెంటేషన్ పెడితే ఆలస్యమైనట్టే. రెండు మూడు నెలల ముందే పేరు తెలుస్తుంది కాబట్టి, అప్పుడే పాత హెడ్‌తో కలిపి కూర్చోబెట్టండి. ఏ ఫైళ్లు పెండింగ్‌లో ఉన్నాయి, ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఎవరి ప్రమోషన్ ఎప్పుడు డ్యూ, ఎవరు ఇబ్బందుల్లో ఉన్నారు. ఈ మాటలు రాతలో ఉండవు, నోటితో అందించుకోవాల్సిందే.

తర్వాత నెలకోసారి కొత్త హెడ్‌లందరినీ ఒక గదిలో కలపండి, పది మంది మించకుండా, గంటన్నర చాలు. లెక్చర్లు వద్దు. ఒక్కొక్కరు తమ డిపార్ట్‌మెంట్‌లో ఆ నెల వచ్చిన నిజమైన చిక్కు ఒకటి చెప్పాలి, పేర్లు లేకుండా, మిగతావాళ్లు తామైతే ఏం చేసేవాళ్లో చెప్పాలి. ఇంజనీరింగ్ హెడ్‌కీ చరిత్ర హెడ్‌కీ ఉండే చిక్కులు ఎంత ఒకేలా ఉంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మీరు ఆ గదిలో రూల్ ఏం చెబుతుందో అడిగితేనే చెప్పండి, లేకపోతే వినండి.

కష్టమైన సంభాషణ ఎలా మొదలుపెట్టాలో మాత్రం నోటితో చేయించి ప్రాక్టీస్ ఇవ్వండి. 'మీ పని సంతృప్తికరంగా లేదు' అని మొదలుపెడితే అవతలి మనిషి అక్కడే మూసుకుపోతాడు. 'ఈ సెమిస్టర్‌లో మూడు ప్రాక్టికల్ బ్యాచ్‌ల రికార్డులు ఇంకా దిద్దలేదండి, పిల్లలు వచ్చి అడుగుతున్నారు. ఎక్కడ ఆగిందో చెప్పండి, మనం ఏం చేయొచ్చో చూద్దాం' అంటే మాట ముందుకి సాగుతుంది. జరిగింది చెప్పడం, దాని వల్ల ఎవరికి ఇబ్బందో చెప్పడం, తర్వాత అడగడం. ఇంతే, కానీ ఇదే నోటికి రావడానికి నాలుగైదుసార్లు గట్టిగా అని చూడాలి. జంటలుగా కూర్చోబెట్టి అనిపించండి. మొదట్లో పెద్ద ప్రొఫెసర్లు మొహమాటపడతారు, పదిహేను నిమిషాల తర్వాత వాళ్లే ఆపరు.

ప్రమోషన్ రూల్స్ ఒక మాట, వర్క్‌షాప్ ఇంకో మాట చెబితే

బోధన బాగుండాలని వర్క్‌షాప్‌లు పెడుతూ, ప్రమోషన్‌కి పేపర్ల సంఖ్య మాత్రమే చూస్తే అధ్యాపకులు దేన్ని నమ్ముతారో అడగక్కర్లేదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశోధన మూల్యాంకనం గురించి ఒక ప్రకటన రూపుదిద్దుకుంది, దాన్ని డోరా అంటారు. ఏ పత్రికలో అచ్చయిందో, దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రిక వ్యాసాల్ని వేరేవాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క) ఎంతో చూసి మనిషి విలువ కట్టొద్దు, పని ఏం చేశారో చూడండి అన్నది దాని సారాంశం. ప్రపంచంలో చాలా సంస్థలు సంతకం చేశాయి. సంతకం చేసిన తర్వాత కూడా దరఖాస్తు ఫారం మారకపోతే ఏమీ మారదు, ఆ ఫారం తయారుచేసేది హెచ్ఆర్.

ఎవరి పరిశోధన గొప్పదో తేల్చడం మీ పని కాదు, ఆ జోలికి వెళ్లకండి కూడా. కానీ ఫారంలో జూనియర్లకి మార్గదర్శనం చేసిన వివరాలు, కొత్త కోర్సు తయారుచేసిన వివరాలు, డిపార్ట్‌మెంట్ కోసం చేసిన పని రాసుకోవడానికి చోటుందా, ఉంటే దానికి మార్కులున్నాయా అన్నది మీరు అడగొచ్చు, అడగాలి. అకడమిక్ కమిటీలో ఒకరిద్దరు ఒప్పుకునేవాళ్లని ముందే పట్టుకోండి, ప్రతిపాదన వాళ్ల నోటినుంచి వస్తే బాగా నడుస్తుంది.

ఇంకో హెచ్చరిక. ఒకరి క్లాసు ఇంకొకరు చూసి సలహా ఇచ్చుకునే పద్ధతి చాలా మంచిది, చూసినవాళ్లూ నేర్చుకుంటారు. కానీ ఆ నోట్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ అప్రైజల్ ఫైల్లోకి రానివ్వకండి. ఒక్కసారి వచ్చిందంటే ఆ తర్వాత అందరూ చూపించడానికి ఒక క్లాసు రిహార్సల్ చేసి పెట్టుకుంటారు, కష్టంగా ఉన్న క్లాసుకి ఎవరినీ పిలవరు.

టెక్నీషియన్లు, ఆఫీసు సిబ్బంది

ల్యాబ్ నడిచేది టెక్నీషియన్ చేతుల మీద, పేపర్‌లో పేరుండేది వేరేవాళ్లది. బ్రిటన్‌లో 2017లో సైన్స్ కౌన్సిల్ ఆధ్వర్యంలో టెక్నీషియన్ కమిట్‌మెంట్ అని ఒకటి మొదలుపెట్టారు. టెక్నీషియన్లు కనిపించాలి, గుర్తింపు దొరకాలి, కెరీర్‌లో ముందుకి వెళ్లే దారి ఉండాలి, వాళ్ల నైపుణ్యం తర్వాతి తరానికి నిలబడాలి అని నాలుగు విషయాల మీద యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు మాట ఇచ్చాయి. మీ సంస్థ అందులో చేరినా చేరకపోయినా ఈ నాలుగూ పెట్టుకుని మీ టెక్నీషియన్ల పరిస్థితి చూసుకోండి.

వెంటనే చేయగలిగింది ఒకటి చెబుతాను. కొత్త పరికరం కొనేటప్పుడు సప్లయర్ శిక్షణ ఇస్తాడు, ఆ శిక్షణకి చాలాసార్లు పరికరం అడిగిన ప్రొఫెసర్, ఆయన పరిశోధక విద్యార్థి కూర్చుంటారు. విద్యార్థి రెండేళ్లలో వెళ్లిపోతాడు, పరికరం మాత్రం టెక్నీషియన్ చేతిలో మిగులుతుంది. కొనుగోలు సెక్షన్‌తో మాట్లాడి, పర్చేజ్ ఆర్డర్‌లోనే 'ఇద్దరు టెక్నికల్ సిబ్బందికి శిక్షణ' అన్న లైను పెట్టించండి, బిల్లు పాసవ్వాలంటే ఆ ఇద్దరి సంతకాలుండాలని రాయించండి. ఇందుకు మీ బడ్జెట్‌లోంచి పైసా అక్కర్లేదు.

ఆఫీసు సిబ్బంది విషయంలో అన్నిటికంటే బాగా పనిచేసేది సీటు మార్పు. అకౌంట్స్‌లో పదేళ్లున్న మనిషి ఆరు నెలలు అడ్మిషన్లలో పనిచేస్తే యూనివర్సిటీ మొత్తం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. కానీ దీన్ని శిక్షగా వాడిన చరిత్ర చాలా ఆఫీసుల్లో ఉంది, అందుకే ముందే అడగండి, తిరిగొచ్చే తేదీ ఆర్డర్‌లో రాయండి, అక్కడ నేర్పేది ఎవరో పేరు చెప్పండి. పై పోస్టులు లేనప్పుడు కూడా మనిషికి కొత్త బాధ్యత ఇవ్వొచ్చు, అయితే దానికి తగ్గ అలవెన్సో హోదాలో మార్పో లేకుండా పని మాత్రం పెంచుకుంటూ పోతే దాన్ని అభివృద్ధి అనకండి.

మెంటరింగ్ గురించి క్లుప్తంగా: మెంటర్‌గా సొంత హెడ్‌ని వేయొద్దు, వేరే డిపార్ట్‌మెంట్ మనిషిని వేయండి. ఏడాదికి ముగిసేలా పెట్టండి. కుదరకపోతే కారణం చెప్పకుండా మార్చుకునే వీలుండాలి.

ఆన్‌లైన్ కోర్సుల లైసెన్సులు గంపగుత్తగా కొని లింకు పంపితే పని అయిపోయిందనుకోవడం కూడా సెమినార్ హాల్ పద్ధతే, గోడలు లేవంతే. ఒకే కోర్సు ఐదారుగురు కలిసి తీసుకుని, వారానికో అరగంట కలిసి మాట్లాడుకుంటే పూర్తిచేస్తారు. ఏఐ టూల్స్ నేర్పేటప్పుడు మాత్రం ముందు నిబంధన, తర్వాత శిక్షణ. విద్యార్థుల మార్కులు, సిబ్బంది వైద్య వివరాలు, బయటికి రాని ప్రశ్నపత్రాలు ఎక్కడ పెట్టకూడదో రాసి ఇవ్వకుండా 'వాడి చూడండి' అని ప్రోత్సహించడం ప్రమాదం.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే శిక్షణని నాలుగు మెట్లలో చూడమన్నాడు: వచ్చినవాళ్లకి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, సీటుకి వెళ్లాక చేసే తీరు మారిందా, దాని వల్ల సంస్థకి ఏమైనా ఒరిగిందా. ఇన్నేళ్లయినా చాలా చోట్ల మొదటి మెట్టు దగ్గరే ఆగుతున్నాం, చివరి రోజున ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంతో. భోజనాల వేళకి ముందు ఇచ్చిన ఫారంలో అందరూ 'చాలా బాగుంది' అనే టిక్ పెడతారు.

మూడో మెట్టు చూడాలంటే మూడు నెలలాగి ఆ సీటు దగ్గరికి వెళ్లాలి. నేర్చుకున్నదాంట్లో ఏది వాడుతున్నారు, ఒకటి చూపించండి అని అడగండి. వాడటం లేదంటే ఎందుకో అడగండి, అడ్డం వచ్చిందేమిటో తెలుస్తుంది, అది మళ్లీ మీ పనే. నాలుగో మెట్టుకి పెద్ద లెక్కలు కట్టి శిక్షణ వల్లే లాభమని నిరూపించడానికి తంటాలు పడొద్దు, యూనివర్సిటీలో ఒక ఫలితానికి వంద కారణాలుంటాయి. ఫలితాల ఆలస్యం తగ్గిందా, ఫిర్యాదులు తగ్గాయా, ఖాళీలకి లోపలివాళ్లు పోటీపడుతున్నారా, ఈ మాత్రం చూస్తే చాలు.

70:20:10 అనే సూత్రం మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది: 70 శాతం పనిలో, 20 శాతం తోటివాళ్ల నుంచి, 10 శాతం క్లాసులో నేర్చుకుంటామని. అది మేనేజర్లు తమ అనుభవం గుర్తుచేసుకుని చెప్పిన మాటల్లోంచి వచ్చింది, కొలిచి తేల్చిన లెక్కేం కాదు. దిక్కు చూపించడానికి పనికొస్తుంది, దాన్ని పట్టుకుని బడ్జెట్ విడగొట్టకండి. ఇక మొదట వేసుకున్న షీట్‌ని ఏడాదికోసారి మళ్లీ తెరవండి, ఖాళీలు ఎంతమందికి తగ్గాయో ఆ ఒక్క పేజీ వైస్‌చాన్సలర్‌కి పంపండి. ఎన్ని కార్యక్రమాలు జరిపామన్న జాబితా కంటే ఆ పేజీ ఎక్కువ చెబుతుంది.

ఒక ఫైలు కాదు, రెండు

ఇదంతా జరగాలంటే జనం మీతో నిజం మాట్లాడాలి, హెచ్ఆర్‌తో నిజం మాట్లాడటానికి ఎవరికైనా టెన్షనే. 'నాకు ఎక్సెల్ రాదండీ, ఇన్నేళ్లూ పక్కాయనతో చేయించుకుంటున్నా' అని ఒక సూపరింటెండెంట్ చెప్పాడంటే మిమ్మల్ని ఎంత నమ్మి ఉండాలి! ఆ మాట రేపు ప్రమోషన్ కమిటీ ముందు కనబడితే ఇక ఆ సెక్షన్‌లో ఎవరూ నోరు విప్పరు.

అందుకని మొదటి రోజునుంచే రెండు ఫైళ్లు విడిగా పెట్టండి. సర్వీస్ ఫైల్లో ఏ శిక్షణ పూర్తిచేశారు, ఏ కొత్త బాధ్యత తీసుకున్నారు అన్నవి మాత్రమే వెళ్లాలి. మాటల్లో చెప్పుకున్న లోపాలు, భయాలు, కోరికలు డెవలప్‌మెంట్ నోట్స్‌లో ఉండాలి, అవి ఆ మనిషి అడిగితే చూపించాలి, ఆ మనిషి అనుమతి లేకుండా హెడ్‌కి గానీ కమిటీకి గానీ ఇవ్వకూడదు. ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు చింపేస్తారు అన్నది ఒక పేజీలో రాసి రిజిస్ట్రార్ సంతకం పెట్టించండి. సంభాషణకి వెళ్లేటప్పుడు ఆ పేజీ కాపీ వెంట తీసుకెళ్లి, ఏమీ అడగకముందే ఎదుటి మనిషి చేతికివ్వండి.